రోబో బండికి బొట్టు

నాకు చదువు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే ఇది నా బిడ్డ రాస్తోంది. పుస్తకం భాషలోకి దిద్దుతూ, మధ్యలో కలం ఆపి, "అవ్వా, గీ మాట గూడ రాయాల్నా?" అని నన్ను అడుగుతుంది, మా దిక్కు అమ్మను అవ్వా అనే అంటారు. రాయమనే చెబుతున్నాను. అన్నవాళ్ళకు లేని సిగ్గు రాసేవాళ్ళకెందుకు?

సుల్తానాబాద్ నుంచి కరీంనగర్ పోయే తోవలో, రోడ్డుకు కొంచెం లోపలగా ఉంటుంది మా ఊరు. ఆ ఊరి సర్కారు బడిలో మధ్యాహ్నం అన్నం వండుతాను. మా ఆయన రైస్ మిల్లులో బస్తాలు మోసేవాడు. ఒకనాడు బస్తా దించి, నీళ్ళు తాగుతానని కూర్చుని, మళ్ళీ లేవలేదు. అప్పటికి బిడ్డ చిన్నది. ఇప్పుడు నేను వండే బడిలోనే తొమ్మిదో తరగతి చదువుతోంది.

నా నోరు మంచిది కాదని ఊరంతా అంటుంది. పొయ్యి పొగకు గొంతు బొంగురుపోయింది, మెల్లగా మాట్లాడినా తిట్టినట్టే వినిపిస్తుంది. నిజంగా తిడితే ఎట్లా ఉంటుందో మా బడి పెద్దసారునడిగితే చెబుతాడు.

ఒకరోజు బడికి ఆటోలో అట్టపెట్టెలు వచ్చాయి. సైన్సును పిల్లలు చదివి బట్టీ పట్టడం కాదు, చేతులతో చేసి నేర్చుకోవాలి, రోబోలు కూడా చేయాలి అని పైనుంచి పంపారట. చేతులతో చేసి నేర్చుకునే సామాను వచ్చిందని తెలియగానే పెద్దసారు చేసిన మొదటి పని, దానికి ఎవరి చేయీ తగలకుండా గదిలో పెట్టి తాళం వేయడం.

"పోరగాండ్లు ముడితే ఖరాబైతది" అన్నాడు.

ముట్టకపోయినా ఖరాబవుతుందని ఎలుకలు చూపించాయి. ఒక పెట్టె మూల కొరికి తీగల మీది రబ్బరు తిన్నాయి. అప్పుడు గానీ సైన్సు సారు మాట చెల్లలేదు. ఆయన మంథని నుంచి బస్సులో వచ్చిపోయే పిల్లవాడు. పాఠం బాగా చెబుతాడంటారు గానీ, పెద్దసారు ఎదుట నిలబడితే తడిసిన బట్టలా ఉంటాడు. "జర శనివారాలన్న తెరుద్దాం సార్, ఎలుకలకంటే పోరలే నయం" అని బతిమాలి తాళం చెవి తీసుకున్నాడు. విరిగిన బెంచీలు, ఎన్నికలప్పుడు వాడిన తడకలు బయటపడేసి, ఆ గదికి 'ప్రయోగశాల' అని పేరు రాయించారు. బెంచీలు ఇప్పటికీ నా వంటగది వెనక వానకు తడుస్తున్నాయి.

అప్పటినుంచి నా బిడ్డ నాకు దొరకలేదు. అన్నం తిన్న చేయి సరిగ్గా కడగకుండానే ఆ గదిలోకి ఉరికేది. ఇంటికి వచ్చినా అదే మాట. ఏం చేస్తున్నావే అంటే ఒకరోజు కిటికీలోంచి చూపించింది. అరచేయంత బండి. రెండు చక్రాలు పెద్దవి, ముందు గోలీ అంత చిన్నది ఒకటి. నెత్తి మీద తీగలు అల్లుకుని పిచ్చుక గూడులా ఉంది. ముఖం ఉండాల్సిన చోట వెండి రంగు జాలీలు రెండు, గుండ్రంగా, అచ్చం గుడ్లగూబ కళ్ళలా.

ఒక కంట్లోంచి మనకు వినపడని శబ్దం పోతుందట. అది ఎదురుగా ఉన్నదానికి తగిలి వస్తే రెండో కన్ను పట్టుకుంటుందట. కళ్ళు అంటున్నారు గానీ ఒకటి నోరు, ఒకటి చెవి అన్నమాట. ఎదురుగా ఏదన్నా దగ్గరగా ఉంటే బండి ఆగి, వెనక్కి జరిగి, పక్కకు తిరిగి పోతుంది.

"గోడ వస్తే పక్కకు తిరుగుడు మన బర్రెకు గూడ వస్తది. గీ దానికి కంప్యూటర్ ఎందుకే?" అన్నాను.

"బర్రెకు నేను నేర్పలే గదనే అవ్వా. దీనికి నేను నేర్పిన."

నేర్పడం కూడా చూశాను. మొదట్లో ఆ బండి బర్రె కంటే అన్యాయంగా ఉండేది. బెంచీ కాలికి గుద్దుకుని, గుద్దుకున్న కాడే చక్రాలు తిప్పుకుంటూ ఏడ్చేది. నా బిడ్డ దాన్ని ఎత్తి, కంప్యూటర్ ముందు కూర్చుని ఏదో మార్చి, మళ్ళీ వదిలేది. తోటి పిల్లలు ఆటకు పోయినా ఇది లేచేది కాదు. చివరికి ఒక శనివారం ఆ బండి గదంతా తిరిగింది. కాళ్ళు, బెంచీలు, గోడ, చీపురు, దేనికీ తగలలేదు. నా బిడ్డ వంటగదిలోకి వచ్చి, నేను పప్పు తిప్పుతుంటే వెనక నుంచి పట్టుకుని, "అవ్వా, గిది కరీంనగర్ పోవాలె" అంది. ఆ ఒక్క మాటే అడిగింది. వాళ్ళ బాపు పోయాక అది నన్ను ఏదీ అడగలేదు, పండుగకు బట్టలు కూడా.

కరీంనగర్‌లో పిల్లల సైన్సు మేళా జరుగుతుంది. బడికి ఒకటే వస్తువు, దాన్ని చేసిన పిల్లలే పట్టుకుపోవాలి. మా బడి నుంచి ఏటా పోయేది అగ్నిపర్వతం. పాత పేపర్లు, బంకతో చేసిన గుట్ట. దానికి ఎర్రరంగు. లోపల వంట సోడా, పైన నిమ్మరసం పోస్తే నురగ కక్కుతుంది. సోడా నా డబ్బాలోదే. ఏటా పోతుంది, కక్కుతుంది, ఇంటికి వస్తుంది. అది కక్కినన్నిసార్లు చంటిపిల్ల కూడా కక్కదు. రంగు వెలిసిపోయినా పెద్దసారుకు దాని మీద ప్రేమ పోలేదు. రోబో సంగతి సైన్సు సారు చెబితే, "పెద్దాఫీసరు గది సురువు చెయ్యనీకె వస్తుండు. ఆయన ముంగట మంచిగ నడిస్తే చూద్దాం" అన్నాడు.

ఆఫీసరు రాకకు పెద్దసారు చేసిన ఏర్పాట్లు చెప్పాలి. అయ్యగారి దగ్గరికి పోయి మంచి గడియ పెట్టించుకొచ్చాడు. ప్రయోగశాల తలుపుకు నిమ్మకాయలు, మిరపకాయలు గుచ్చి వేలాడదీయించాడు. లోపల గోడ మీద పెద్ద పెద్ద సైంటిస్టుల బొమ్మలుంటే వాటికి బంతిపూల దండలు వేయించాడు. అందులో ఒకాయన ఇంకా బతికే ఉన్నాడని నా బిడ్డ చెప్పింది. దండ మాత్రం తీయలేదు.

నేను వరండాలో వంకాయలు కోస్తుంటే సార్లు ఇద్దరూ పక్కనే నిలబడి మాట్లాడుకున్నారు.

"దసరాకు మిషిన్లకు చేస్తం గద, గట్లనే చేద్దామా సార్?" అన్నాడు సైన్సు సారు.

"దానికి చక్రాలున్నయా?"

"ఉన్నయి సార్."

"చక్రాలుంటే అది బండే. బండి పూజనే చెయ్యాలె. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కియ్యాలె."

"తొక్కది సార్. చక్రమే నిమ్మకాయంత ఉన్నది."

పెద్దసారు కొంతసేపు ఆలోచించాడు. సైన్సులో పట్టా ఉన్న మనిషి ఆలోచిస్తే ఎట్లా ఉంటుందో నేను వంకాయ ఆపి చూశాను.

"చిన్న నిమ్మకాయలు తెప్పియ్యి" అన్నాడు.

ఆ రోజు పొద్దున్నే నా తోటి వంటామె పట్టుచీర కట్టుకుని, చేతినిండా గాజులేసుకుని వచ్చింది. హారతి పళ్ళెం ఆమె పట్టుకోవాలట. ఆమె మొగుడు తాగి తంతాడు, అయినా ఉన్నాడు గదా, ముత్తైదువ. పెద్దసారు వంటగది గుమ్మం దాకా వచ్చి, నా వైపు కాకుండా బియ్యం బస్తా వైపు చూస్తూ మాట్లాడాడు.

"ఏమనుకోకమ్మా. జర ఇయ్యాల ఆఫీసరు వచ్చిపోయేదాక నువ్వు లోపల్నే ఉండు. కొత్త పని సురువు చేస్తున్నం, ఎదురు రాకు."

"పొద్దుగాల నా చేతి చాయ్ తాగితివి గద సారూ. గప్పుడు మంచిగనే ఉంటినా?"

"చాయ్ వేరే, గిది వేరే."

మా అవ్వగారిల్లు, నా పుట్టిల్లు, ఆదిలాబాద్ దిక్కు, మహారాష్ట్రకు దగ్గర ఊరు. అక్కడా ఇదే కథ. విత్తనం వేసేటప్పుడు వద్దు, పెళ్ళిలో ముందుకు వద్దు, ఎవరన్నా ఊరికి బయలుదేరితే గడపలోకి వద్దు. వాళ్ళు చదువుకోనివాళ్ళు, వాళ్ళ మీద నాకంత కోపం లేదు. కానీ సైన్సు గదికి కూడా ఎదురు శకునం చూసుకుంటారని నాకు ఆ రోజే తెలిసింది. నా చేతి అన్నం బడంతా తినొచ్చు. ఆ చేతి పైన ఉన్న ముఖం మాత్రం కనపడొద్దు.

సరే అని లోపలే కూర్చున్నాను. నా బిడ్డ బండి నడిపే రోజు, గొడవెందుకని.

ఆఫీసరు వచ్చాడు. రిబ్బను కత్తిరించాడు. కత్తిరించేది ఫోటోలో సరిగ్గా పడలేదని, మిగిలిన ముక్కను మళ్ళీ పట్టుకుంటే మళ్ళీ కత్తిరించాడు. కొబ్బరికాయ కొట్టారు. ఆ తర్వాత వరండాలోంచి సైన్సు సారు కేక.

"అమ్మా, అగ్గిపెట్టె."

కర్పూరం ఉంది, పళ్ళెం ఉంది, ముత్తైదువ ఉంది, నిప్పు లేదు. బడి మొత్తంలో నిప్పు ఉండేది నా దగ్గరే. నేను కదలలేదు. "జల్ది తేమ్మా" అని మళ్ళీ కేకేశాడు. పట్టుకుపోయి గుమ్మం కాడ నిలబడి అందించాను.

లోపల బల్ల మీద బండిని చూసి నాకు నవ్వు వచ్చింది. మెడలో పూలు. చక్రాల ముందు గోలీల్లాంటి నిమ్మకాయలు. ఆ రెండు కళ్ళ మీద తడి పసుపు మెత్తి, దాని మీద కుంకుమ అద్దారు. పెద్దసారే స్వయంగా పెట్టాడు. బండికి ముందర బొట్టు పెడతాం, లారీకైనా ట్రాక్టరుకైనా. ఆయనకు ముందర కనపడ్డవి ఆ రెండు గుండ్రాలే.

"సారూ, కండ్లు మూసుకపోయినయి. తుడుస్త" అంది నా బిడ్డ.

"బొట్టు తుడుస్తవా? ఆడపిల్లవు, గదేం మాట. సురువు చెయ్యి, సారు చూస్తుండు."

హారతి అయింది. నేను వెనక్కి తిరిగేలోపే నా బిడ్డ బండిని నిమ్మకాయలతో సహా కింద పెట్టి మీట నొక్కింది. బండి ముఖం తలుపు వైపు, తలుపులో నేను.

బండి వెనక్కి పోయింది. తిరిగింది, మళ్ళీ వెనక్కి పోయింది. ఒక్క అడుగు ముందుకు వేయలేదు. దేన్నో చూసి దడుచుకున్నట్టు వెనక్కి వెనక్కి పోయి, గోడకు గుద్దుకుని, నిమ్మకాయ ఎక్కబోయి బోల్తా పడి, కాళ్ళు కొట్టుకుంటున్న బొద్దింకలా చక్రాలు తిప్పింది.

అందరి కళ్ళూ బండి మీద నుంచి లేచి నా మీదికి వచ్చాయి.

"చెప్పిన గదమ్మా నీకు" అన్నాడు పెద్దసారు.

"దానికి గూడ తెల్సింది" అని నా తోటి వంటామె పళ్ళెంతో గుసగుసలాడింది.

ఆఫీసరు ఫోను చూసుకుని, ఏదో టెక్నికల్ అయ్యుంటుందని చెప్పి, లడ్డూ తిని పోయాడు. పోతూ పోతూ సైన్సును ప్రేమించమని పిల్లలకు చెప్పాడు.

నిజం చెబుతాను. ఆ గదిలో అంతమంది ఒక్కసారిగా నన్ను చూసేసరికి, నిజంగా నేనే తోసేశానేమో అని నాక్కూడా అనిపించింది. అలవాటు అంత పాడుది. ఆ సంగతి తలచుకుంటే పెద్దసారు కంటే నా మీదే నాకు ఎక్కువ మంట.

సాయంత్రం పెద్దసారు తేల్చేశాడు. "గీ బండి మనకు అచ్చిరాలే. మేళాకు అగ్నిపర్వతమే పోతది."

ఇంటికి వచ్చాక నా బిడ్డ ఏడవలేదు. సైన్సు సారునడిగి బండిని సంచిలో పెట్టుకుని తెచ్చింది. గుండుసూదితో, పాత పళ్ళ బ్రష్‌తో ఆ జాలీల్లోంచి పసుపు తీస్తూ కూర్చుంది. ఎండిన పసుపు రేణువు రేణువుగా ఊడింది.

"అన్నం తిను" అన్నాను.

"కండ్ల మీద పసుపుంటే శబ్దం బయటికి పోలేదే అవ్వా. ఎప్పటికీ ముంగట గోడ ఉన్నట్టే అనుకున్నది. గందుకే వెనుకకు పోయింది."

"గదే మీ సారుకు చెప్పరాదు?"

"చెప్తే ఇంటడా? చూపియ్యాలె."

మర్నాడు ప్రార్థన అయ్యాక, పిల్లలింకా వరసల్లోనే ఉండగా, బండిని వరండాలో పెట్టింది.

"మళ్లేందిది?" అన్నాడు పెద్దసారు.

"పరీక్ష చేస్త సారూ. ఒక్కపారి అయిందాన్ని నిజమనుకోవద్దు, మార్చి మార్చి చేసి చూడాలె అని సైన్సు సారే చెప్పిండు."

సైన్సు సారు తన చెప్పులు చూసుకున్నాడు.

"అవ్వా, జర ఇటు రా."

గరిటె చేతిలోనే ఉంది. అట్లాగే పోయి వరండా చివర నిలబడ్డాను. మీట నొక్కింది. బండి గునగునా సక్కగా నా మీదికే వచ్చింది. జానెడు దూరంలో ఆగింది. వెనక్కి జరిగి, పక్కకు తిరిగి పోయింది.

"చూసిండ్రా? నేను చెప్పేది గదే గద" అన్నాడు పెద్దసారు, పిల్లలందరికీ పాఠం చెప్పినట్టు.

"ఇప్పుడు మీరు నిలవడుండ్రి సారూ."

ఆయన కదలలేదు. పిల్లలు కూడా కదలలేదు. అంతమంది పిల్లలు చూస్తుంటే నిలబడకుండా ఎట్లా ఉంటాడు? వచ్చి నా జాగాలో నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, నున్నటి బూట్లు, ఇంట్లో నిక్షేపంగా ఉన్న భార్య. బండి పోయింది. ఆయన బూట్లకు జానెడు దూరంలో ఆగి, వెనక్కి జరిగి, పక్కకు తిరిగింది.

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

"ఇంకోపారి చెయ్యి" అన్నాడు.

చేసింది. బండికి మొహమాటం లేదు. ఆ తర్వాత నా తోటి వంటామెను నిలబెట్టింది. పట్టుచీర లేదు గానీ గాజులు, మట్టెలు, రూపాయి బిళ్ళంత బొట్టు అన్నీ ఉన్నాయి. ఆమెను చూసి కూడా బండి పక్కకు పోయింది.

"నన్ను గూడనా?" అంది ఆమె. మొగుడు కొట్టిన రోజు కూడా ఆమె ముఖం అంత చిన్నబోలేదు.

ఇక వరసలు నిలవలేదు. నేను, నేను అంటూ పిల్లలందరూ బండికి ఎదురుగా ఉరికారు. బండి అందరి నుంచీ తిరిగి తిరిగి పోయింది. ఆ గోలలో సైన్సు సారుకు ఎక్కడి నుంచి వచ్చిందో కాస్త ధైర్యం వచ్చింది.

"గిదే పంపుదాం సార్. వోల్కనో వద్దు."

"అగ్నిపర్వతం తయారుంది గదా" అన్నాడు పెద్దసారు, ఇంకా పట్టు విడవకుండా.

"వంట సోడా అయిపోయింది సారూ" అన్నాను నేను. డబ్బా నిండా ఉంది.

ఆయన నన్ను చూశాడు, బండిని చూశాడు. "నిన్న కొబ్బరికాయ సక్కగ పగల్లే. గందుకే గట్లయింది. ఇయ్యాల దోషం పోయింది, తీస్కపోండ్రి" అన్నాడు. అట్లా దోషం కొబ్బరికాయ మీదికి పోయింది. నా మీద నుంచి తీశానని గానీ, నిన్నటి మాట తప్పని గానీ ఒక్క ముక్క అనలేదు. నేనూ ఎదురుచూడలేదు. ఎండిన బావిలో చేద వేసేదాన్ని కాను.

మేళాకు ఆడపిల్లను పంపాలంటే తోడు ఒక ఆడమనిషి ఉండాలి. బడిలో ఇద్దరు మేడాలున్నారు. ఒకామెకు ఆ రోజు చుట్టాల పెళ్ళి, ఒకామెకు వ్రతం. తోడు కోసం వెతికి వెతికి, చివరికి గుమ్మం కాడికి వచ్చి మళ్ళీ బియ్యం బస్తాతోనే చెప్పాడు పెద్దసారు, నువ్వే పోవాలమ్మా అని. బస్సెక్కేటప్పుడు నేనే ముందెక్కాను. ఆయన వెనకెక్కాడు.

కరీంనగర్‌లో ఆ హాలు నిండా బల్లలు, బల్లల నిండా పిల్లల సామాన్లు. మా పెద్దసారు ఒక్కడే అట్లాంటివాడు అనుకుని ఇన్నాళ్ళూ తిట్టుకున్నాను. అక్కడ చూస్తే ఒక రాకెట్టుకు మల్లెపూల దండ ఉంది. ఇంకొక బడి రోబోకు చేతికి ఎర్రదారం కట్టారు. ఆ దారం చక్రంలో చుట్టుకుంటే పిల్లలు బ్లేడుతో కోస్తున్నారు, పక్కన వాళ్ళ సారు మెల్లగా కోయండ్రి, ముడి విప్పొద్దు అంటున్నాడు. చదువు ఎంత ఎక్కువ ఉంటే దారం అంత గట్టిగా కడతారనుకుంటా.

పరీక్ష చేసేవాళ్ళు మా బల్ల దగ్గరికి వస్తున్నారనగా పెద్దసారు జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. కుంకుమ. తోవలో బస్సాగినప్పుడు గుడికి పోయి తెచ్చాడు. వేలికి అద్దుకుని బండి ముఖం వైపు వంగాడు. నా బిడ్డ రెండు అరచేతులూ ఆ కళ్ళకు అడ్డం పెట్టింది.

"వెనుకకు పెట్టుండ్రి సారూ. వెనుక దానికి కండ్లు లెవ్వు."

ఆయన బల్ల చుట్టూ తిరిగి వచ్చి, వెనక పెట్టాడు.

వచ్చినవాళ్ళలో ఒకామె కళ్ళద్దాలు పెట్టుకుంది. నా బిడ్డ చెప్పింది అంతా విని, "ఎదురుగ ఏమన్న ఉంటె ఆగుతదా? ఏదన్న అడ్డం పెట్టి చూపెట్టమ్మా" అంది. అక్కడ కుర్చీ ఉంది, మా సంచి ఉంది. నా బిడ్డ వాటి వైపు చూడలేదు.

"అవ్వా, నువ్వు ఎదురుగ రా" అంది.

నేను కొంగు నడుముకు దోపుకుని పోయి బండికి ఎదురుగా నిలబడ్డాను. అది వచ్చింది, నా చెప్పుల ముందు ఆగింది, తిరిగి తన తోవన పోయింది. కళ్ళద్దాలామె కాగితం మీద ఏదో రాసుకుని, "ఇంకోసారి చూపెట్టు" అంది.

నేను అక్కడినుంచి కదలలేదు.